ఎదురుకాళ్ల ఆగమ్మ

ఆగమ్మకు అక్షరం ముక్క రాదు. నలభై ఎనిమిదేళ్లుగా ఆ సంగతి ఎవరికీ పట్టలేదు గానీ, సర్కారు దవాఖానలో కసరత్తులు చేయించే సుజన మాత్రం మొదటి రోజే దాన్ని బయటపెట్టింది.

“కాలు గాల్ల పెట్టి బొటనవేలితోని అ ఆలు రాయమ్మా. బిగిసిన చీలమండ అన్ని దిక్కులకు తిరుగుతది.”

“నాకు చెయ్యితోనే రాదు బిడ్డా, కాలుతోని ఏం రాస్త?”

సుజన నాలుక కరుచుకుంది. కొంచెం ఆలోచించి, “ముగ్గు వస్తదా?” అని అడిగింది.

ముగ్గు రాకపోవడమేమిటి! విరిగిన కాలి పిండికట్టు విప్పిన కొత్తలో నాలుగు చుక్కల ముగ్గు వేయడానికే ఆగమ్మకు కళ్ల వెంట నీళ్లు కారేవి. నాలుగు వారాలు గడిచేసరికి బల్ల మీద వెనక్కి వాలి, కుడికాలు చాపి, ఏడు చుక్కల మెలికల ముగ్గును గీత తెగకుండా గాలిలో వేసేస్తోంది. అది ఎవరికీ కనబడని ముగ్గు. ఏ మెలిక దగ్గర నొప్పి పుడుతుందో, ఏ మెలిక దాటితే పోతుందో వేసిన ఆమెకు మాత్రం తెలుసు.

ఆ బుధవారం ముగ్గు అయింది. నేల మీద పరిచిన పాత తువ్వాలును కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవడం అయింది. గోడ పట్టుకుని మడమలు లేపి దించడమూ అయింది. ఇక ఒక్కటే మిగిలింది. గోడ వదిలి, ఎడమకాలు లేపి, కుడికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడాలి.

సుజన పక్కనే నిలబడి లెక్క మొదలుపెట్టింది. మూడు దాకా బాగానే ఉంది. నాలుగు దగ్గర పాదం లోపల ఏదో వణికింది. ఆరు దగ్గర ఆగమ్మ చెయ్యి టప్పుమని గోడను కొట్టింది.

“నిన్న అయిదు, ఇయ్యాల ఆరు. మంచిగనే ఉంది,” అంది సుజన.

“సోమవారానికి పది అయితదా?”

“సోమవారం ఏమున్నది?”

ఏమున్నదంటే, రోడ్లూడ్చేవాళ్ల పని చూసే మున్సిపాలిటీ జవాను పురుషోత్తం ఫోన్ చేశాడు. సోమవారం పొద్దున వచ్చి తన రోడ్డు తాను ఏడింటి లోపల ఊడ్చుకుంటేనే ఆగమ్మ పేరు ఉంటుంది, లేకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటానన్నాడు. అఫ్జల్‌గంజ్‌లో బస్సులు ఆగే మలుపు దగ్గర మొదలై, లోపలి గల్లీ చివర వెంకటనారాయణ సేటు ఇంటి దాకా ఆమె రోడ్డు. పద్నాలుగేళ్లుగా ఊడుస్తున్నది అదే. వానల్లో మురుగు పారే మోరీ మీది బండ పగిలి కాలు విరిగింది కూడా అక్కడే, చీపురు చేతిలో ఉండగానే. విరిగిన కాలు ఎప్పుడు పనికొస్తుందని అడిగారే గానీ, పగిలిన బండ సంగతి ఎవరూ అడగలేదు.

సుజనకు కోపం వచ్చింది. అయితే ఆ గదిలో నాలుగు బల్లలు, బయట బెంచీ మీద పదహారు మంది, చేయించేది తానొక్కతే. కోపానికి తీరిక లేదు. “రెండు నొప్పులుంటయి ఆగమ్మా,” అంది. “ఒకటి మొద్దు నొప్పి. పండ్లు బాగా తోమితే చిగుళ్లు సలిపినట్టు. అది వచ్చినా పని చెయ్యొచ్చు, ఆగి ఆగి చెయ్యొచ్చు. ఇంకోటి సూది గుచ్చినట్టు ఒక్కకాడనే పొడుస్తది. అది వస్తే ఆగిపో. జవాను గాదు, జవాను తాత చెప్పినా ఆగిపో.”

తర్వాత ఆమె కొత్తగా వచ్చిన మనిషి దగ్గరికి పోయింది. ఆగమ్మ తన తువ్వాలు మడత పెట్టి, అలవాటుగా పక్క బల్ల దగ్గరికి జరిగింది. అక్కడ ప్రేమ్‌రాజ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆర్టీసీ డ్రైవరు, నడుం నొప్పి మనిషి. మోకాళ్లు మడిచి, నడుమును బల్లకు ఆనించి నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలాలి. లెక్క ఆగమ్మ పెడుతుంది. రెండు వారాలుగా ఆ గదిలో లెక్కలన్నీ ఆమెవే.

“ఊపిరి ఆపొద్దు తమ్మీ. నోటితోని లెక్క బయటికి చెప్పు, ఊపిరి దానంతటదే పోతది.” ఇది సుజన మాట. రోజుకు యాభైసార్లు విని ఆగమ్మ నోటికి వచ్చేసింది.

“అక్కా, గా కష్టమంత ఎందుకే,” అన్నాడు ప్రేమ్‌రాజ్. “నువ్వు ఎదురుకాళ్లతోని పుట్టినవంట గద. మా కండక్టరు చెప్పిండు. ఒక్కపారి తొక్కరాదు, ఈ లొల్లి పోతది.”

ఆగమ్మ చప్పున సుజన వైపు చూసింది. దాచిన సంగతి కాదు గానీ, ఈ గదిలో చెప్పుకున్న సంగతీ కాదు. ఆమె తల్లి కడుపులోంచి కాళ్లు ముందుపెట్టి వచ్చింది. అట్లా పుట్టినవాళ్లు తొక్కితే పట్టిన నడుం వదులుతుందని ఈ బస్తీల్లో నమ్మకం. ఆదివారం తెల్లవారుజామున గడప పక్కన బోర్లా పడుకుంటే, పసుపు నీళ్లతో కడిగిన కుడికాలితో మూడుసార్లు తొక్కి, వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. హమాలీలను తొక్కింది, ఆటోవాళ్లను తొక్కింది, ఒకసారి పోలీసాయననూ తొక్కింది. చీపురు పట్టుకుంటే ముక్కు మూసుకుని పక్కకు జరిగేవాళ్లు ఆ కాలు పడగానే “అమ్మా” అనేవాళ్లు. చెప్పుకోవడానికి ఆగమ్మకు ఉన్న గొప్ప అదొక్కటే.

సుజన నవ్వలేదు. “తొక్కితే తగ్గుతదా?” అని మామూలుగా అడిగింది.

“ఎందుకు తగ్గది? మూడు రోజులు, నాలుగు రోజులు పట్టినా తగ్గుతది.”

“పట్టిన నడుం చాలామందికి తొక్కకున్నా నాలుగు రోజులకు సగం తగ్గుతది. పేరు నీ కాలికొస్తది.” ఆ మాట అన్నాక ఆగమ్మ మొహం చూసి సుజన గొంతు తగ్గించింది. “పోయిన నెల ఒక ముసలామె వచ్చింది. ఎవరో తొక్కిండ్రు. పక్కటెముక పలిగింది.”

“నేను గాదు.”

“నువ్వని అంటలే అమ్మా. లోపల ఏమున్నదో తొక్కేటోళ్లకు ఎట్ల తెలుస్తది? అందుకే ఎవరొచ్చినా నేను ముందు నాలుగు మాటలు అడుగుత. నువ్వు రోజు వింటనే ఉన్నవ్ గద.”

ఆగమ్మ చెప్పులు వేసుకుని, చీటీ రొంటిన దోపుకుని బయటపడింది. దారంతా మనసు చిన్నబోయే ఉంది. దేవుడిచ్చిన కాలని నలభై ఎనిమిదేళ్లు అనుకున్నదాన్ని, నిన్నగాక మొన్న చదువుకొని వచ్చిన పిల్ల మామూలు కాలు అనేసింది. అది కూడా ఆరు దాటి నిలబడని కాలు.

శనివారం మాపటికి వెంకటనారాయణ సేటు భార్య విమలాదేవి ఫోన్ చేసింది.

“ఆగమ్మా, సేటుకు నడుం పట్టింది. నిన్న కింద పడ్డ కళ్లద్దాలు తీయబోయి వంగిండ్రు, మళ్ల లేవలే. రేపు ఆదివారమే గద, తెల్లారంగ రా.”

“నా కాలే మంచిగ లేదమ్మా.”

ఫోను చేతులు మారింది. “ఆగమ్మా, నేను,” అంది సేటు గొంతు. “నీ పని సంగతి విన్న. పురుషోత్తం నా మాట కాదనడు. నువ్వొచ్చి నా నడుం చూడు, నేనొక్క మాట చెప్త. ఇంకో నెల నెమ్మదిగ చేరొచ్చు నువ్వు.”

ఆ రాత్రి ఆగమ్మ నిశ్చింతగా నిద్రపోయింది. సుజన మాటలు సుజనవి. మూడు తొక్కులతో నెల రోజుల నెమ్మది దొరుకుతుంటే ఎవరు వద్దంటారు?

సేటు ఇల్లు కిరాణా కొట్టు మీద ఉంటుంది. వెనకవైపు పద్దెనిమిది మెట్లు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు అని సుజన నేర్పింది. ఆ ప్రకారమే ఎడమకాలు ముందు వేస్తూ, గోడ ఆసరాతో ఆగమ్మ పైకి చేరింది. కింద కొట్టులోంచి ఎండుమిర్చి, శొంఠి వాసన వస్తోంది. పిట్టగోడ మీద ఎప్పటి చోటనే పొడుగాటి స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. అది ఆగమ్మ గ్లాసు. పద్నాలుగేళ్లుగా ఆమె చాయ్ అందులోనే, ఆమె కడుక్కున్నాక అది అక్కడే. ఆ ఇంట్లో ఆగమ్మ పాదానికి ఉన్న మర్యాద ఆగమ్మకు లేదు. ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు. తెలిసినవన్నీ తలుచుకుంటూ కూర్చుంటే పూట గడవదు గనక ఊరుకుంది.

విమలాదేవి ఇత్తడి చెంబుతో కుడిపాదం మీద పసుపు నీళ్లు పోసింది. లోపల గడప పక్కన చాప మీద సేటు బోర్లా పడుకుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, బనీను పైకి జరిగి తెల్లటి నడుం కనబడుతోంది.

“వచ్చినవా తల్లీ,” అన్నాడు చాపలోకి.

ఆగమ్మ గోడ పట్టుకుని కుడికాలు లేపింది. పాదం ఆయన నడుము మీద ఆనించింది. ఇప్పుడు బరువు వేయాలి. వేసేలోపల ఆయన కండలు బిగుసుకోవడం అరికాలికి తెలిసింది. దెబ్బ తినబోయే పసిపిల్లవాడిలా ఆయన భయంతో బిర్రబిగుసుకున్నాడు, ఊపిరి కూడా తీయడం లేదు. ఇంతకు ముందు ఎన్ని నడుములు తొక్కినా ఆమె ఆ సంగతి గమనించలేదు. తన కాలు తనకు నొప్పి పెట్టిన తర్వాతే ఇంకొకరి బిగువు తెలిసింది కాబోలు. లోపల ఏమున్నదో ఎట్లా తెలుస్తుందన్న మాట చెవిలో వినబడింది.

ఆమె కాలు తీసి నేల మీద పెట్టింది.

“సేటూ, కాళ్లు తిమ్మిరెక్కుతున్నయా?”

“ఏంది?”

“ఒక కాలుల సత్తువ తగ్గినట్టున్నదా? పాదం ఈడుస్తున్నరా? జ్వరం గిట్ల వచ్చిందా?”

“ముందు తొక్కవే!”

“ఒంటికి పోయెటప్పుడు తెలుస్తున్నదా సేటూ? తెలియకుంట పోతలేదు గద?”

విమలాదేవి చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. సేటు మెడ ఎర్రబడింది. “ఎవరి ముంగట ఏం అడుగుతున్నవు? చీపురు పట్టేదానివి, డాక్టరువైనవా?”

ఆయన చెప్పే ఒక్క మాట మీద ఆగమ్మ సోమవారం ఉంది. అయినా అరికాలు ఇక లేవలేదు.

“దవాఖానల అందరినీ గిట్లనే అడుగుతరు. నేను తొక్క సేటూ. తొక్కితే ఏమన్న అయితే నేనేం చెయ్యగలుగుత?”

“మరి ఎందుకొచ్చినవు?”

విమలాదేవే కలగజేసుకుంది. “అడిగినదానికి చెప్పరాదుండ్రి. అన్నీ మంచిగనే ఉన్నయి ఆగమ్మా. తిమ్మిరి లేదు, జ్వరం లేదు. నడుం ఒక్కటే పట్టేసింది. నిన్న పట్టి లేపితే తానే నడిచి స్నానానికి పోయిండ్రు.”

“అయితే ఫికర్ లేదమ్మా. సేటును వెల్లకిలా తిప్పుండ్రి. ఒక్కపారి గాదు, ముందు పక్కకు, తర్వాత మీదికి.”

సేటు మూలుగుతూ తిరిగాడు. మోకాళ్లు మడవమంది, మడిచాడు. కోపంగా ఉన్నా మడిచాడు, నొప్పి అట్లాంటిది. నడుము చాపకు ఆనుతున్నదో లేదో చూడాలంటే ఆగమ్మ కింద కూర్చోవాలి. గొంతుక్కూర్చోవడానికి ఆ చీలమండ ఇంకా వంగదు. చుట్టూ చూసింది. గోడవారన సేటు కూర్చుని పేపరు చదివే పేము కుర్చీ ఉంది.

“కూసుంటెనే కనవడతది అమ్మా,” అని చెప్పి, ఆమె ఆ కుర్చీని లాక్కుని కూర్చుంది. విమలాదేవి చెంబును కింద పెట్టి కుర్చీ వైపే చూసింది.

“ఇప్పుడు నడుమును చాపకు నొక్కుండ్రి. బలం పెట్టకుండ్రి, మెల్లగ. ఒకటి... రెండు... ఊపిరి ఆపొద్దు సేటూ. లెక్క మీరు బయటికి చెప్పుండ్రి.”

“ఒకటి,” అన్నాడు వెంకటనారాయణ సేటు, ఇంటి పైకప్పును చూస్తూ.

అయిదుసార్లు నొక్కి వదిలాడు. ఆరోసారికి మొహంలో ముడతలు కొంచెం సడలాయి. మోకాళ్లు రెండూ కలిపి అటు ఇటు వాల్చమంది, ఎంతవరకు పోతే అంతవరకే. తర్వాత పక్కకు తిరిగి, చెయ్యి నేలకు ఆనించి లేవమంది. సేటు లేచి కూర్చున్నాడు. నొప్పి పోలేదు. కానీ రెండు రోజుల్లో ఎవరూ పట్టకుండా లేవడం అదే మొదటిసారి. ఆ సంగతి ఒప్పుకోవడం ఆయనకు ఇష్టం లేదని మొహమే చెబుతోంది.

“ఇంతేనా?”

“పొద్దున పదిసార్లు, మాపటికి పదిసార్లు, ఒక్కోసారి పది లెక్కపెట్టుడు. పడుకోనే ఉండకుండ్రి, ఇంట్ల కొంచెం కొంచెం నడువుండ్రి. రేపు దవాఖానకు పోయి సుజన మేడానికి చూపించుకోండ్రి. నాకు తెలిసింది గింతే.”

పురుషోత్తం మాట ఆయన ఎత్తలేదు. అడుగుదామని ఆగమ్మకు నోటి దాకా వచ్చింది. తొక్కుతానని వచ్చి తొక్కలేదు, ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

విమలాదేవి పిట్టగోడ మీది గ్లాసులో, దానికి తగలకుండా పై నుంచి చాయ్ పోసింది. ఆగమ్మ తాగింది, నల్లా కింద కడిగింది. బోర్లించబోయి, ఆగి, గ్లాసును సంచిలో వేసుకుంది.

“అదేంది?”

“దవాఖానల పాదం కింద గుండ్రంగ ఏదన్న పెట్టుకొని దొర్లించమన్నరమ్మా. ఇది నా గ్లాసే గద. మంచిగ పనికొస్తది.”

నొప్పికాలు ముందు పెట్టుకుంటూ ఆగమ్మ పద్దెనిమిది మెట్లూ దిగింది. గల్లీలోకి వచ్చాక గానీ భయం పూర్తిగా తెలియలేదు. తొక్కితే అన్నం దొరికే చోట తొక్కకుండా, ఉన్న అన్నాన్ని కాలదన్నుకుని వచ్చింది. ఇంట్లో కూలబడి చాలాసేపు ఏడ్చింది కూడా. తర్వాత గ్లాసును నేల మీద అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద అరికాలు పెట్టి, ముందుకు వెనక్కు దొర్లించడం మొదలుపెట్టింది. చల్లగా, హాయిగా ఉంది.

సోమవారం అయిదున్నరకు ఆగమ్మ మలుపు దగ్గర నిలబడింది. పొడుగు కర్ర చీపురు, తలకు చుట్టుకున్న చున్నీ, కాలికి సుజన చెప్పి కొనిపించిన గట్టి అడుగు చెప్పులు. ముందు మడమ, తర్వాత వేళ్లు. చీపురు ఇటు పది, చెయ్యి మార్చి అటు పది. చాయ్ కప్పులు, అరటి తొక్కలు, బస్సు టికెట్లు, తడిసిన అట్టముక్కలు. మూడు నెలలుగా ఎవరెవరో ఊడ్చిపోయిన రోడ్డు, మూలమూలలా చెత్త పేరుకుని ఉంది. ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంటలో మొదటి సగం రోడ్డు ఇట్టే అయిపోయింది.

పగిలిన మోరీ బండ దగ్గరికి వచ్చేసరికి చీలమండ సలపడం మొదలైంది. బండ అట్లాగే ఉంది. ఎవరో దాని మీద చెట్టుకొమ్మ ఒకటి గుచ్చిపెట్టారు, అంతే. ఆగమ్మ ఒక షట్టరు అరుగు మీద కూర్చుని నొప్పిని జాగ్రత్తగా విన్నది. పొడవడం లేదు, ఒట్టి సలుపు. కాలు చాపి, గాలిలో ముగ్గు మొదలుపెట్టింది.

స్కూటరు వచ్చి ఆగింది. “కూసున్నవేంది?” అన్నాడు పురుషోత్తం.

“లేస్త అన్నా. రెండు నిమిషాలు.” కాలు ముగ్గు వేస్తూనే ఉంది. “వెంకటనారాయణ సేటు ఏమన్న ఫోన్ చేసిండా అన్నా, నా గురించి?”

“ఎవ్వరు చెయ్యలే. ఏడింటికి ఊడ్చిన రోడ్డు ఫోటో ఫోన్ల ఎక్కియ్యాలె నేను. అప్పటికి గల్లీ అయితె నువ్వుంటవు, లేకుంటే నా చేతుల లేదు.”

సరే, తేలిపోయింది. విచిత్రంగా ఆమెకు గుండె తేలికైంది. ఇక చూడవలసిన మొహాలు లేవు. ఉన్నది చీపురు, రోడ్డు, కాలు. ముగ్గు ఆఖరి మెలిక కలిపి, లేచి, మళ్లీ మొదలుపెట్టింది. మడమ, వేళ్లు. ఇటు పది, అటు పది. ఇంకోసారి ఆగింది, మళ్లీ ఊడ్చింది. పురుషోత్తం స్కూటరును నెట్టుకుంటూ వెనకనే వస్తున్నాడు, ఫోను చూసుకుంటున్నాడు.

ఆఖరి కుప్పను సేటు ఇంటి గోడ పక్కకు చేర్చేసరికి ఏడుకు ఇంకా అయిదు నిమిషాలుంది.

“గట్ల నిలబడు, ఫోటో తీస్త,” అన్నాడు పురుషోత్తం.

అప్పుడే పై నుంచి, తెరిచిన కిటికీలోంచి ఒక మగగొంతు వినబడింది. నేల మీద పడుకున్న మనిషి గొంతు. “ఒకటి... రెండు...”

ఆగమ్మ తల ఎత్తింది. ఎందుకు తోచిందో తెలియదు, చీపురును గోడకు ఆనించి, గోడను పట్టుకోకుండా ఎడమకాలు లేపింది.

“మూడు... నాలుగు... అయిదు...”

పాదం లోపల వణుకు మొదలైంది. వేళ్లతో చెప్పును గట్టిగా పట్టుకుంది.

“ఆరు... ఏడు...”

పైన గొంతు ఆగిపోయింది. ఆగమ్మ ఒంటికాలి మీద ఊగింది. ఇంకొక్క క్షణం చూసి, గల్లీ అంతా వినబడేట్టు అరిచింది. “ఊపిరి ఆపొద్దు సేటూ! లెక్క బయటికి రావాలె!”

పురుషోత్తం ఫోను పట్టుకుని నోరు తెరిచాడు. ఎదురు కొట్టు షట్టరు ఎత్తుతున్న మనిషి వెనక్కి తిరిగాడు. పైన కొంచెం బెరుకుగా, కొంచెం గట్టిగా లెక్క మళ్లీ మొదలైంది.

“ఎనిమిది.”

“ఆఁ, గట్ల.”

“తొమ్మిది.”

“ఏం చేస్తున్నవు ఆగమ్మా, కాలు దించు, ఫోటో గిట్ల పడతది,” అన్నాడు పురుషోత్తం.

“పడనియ్యి అన్నా. ఇంకొక్కటున్నది.”

“పది,” అన్నాడు సేటు.

అప్పుడు దించింది ఆగమ్మ ఎడమకాలు.